అప్‌డేట్: లిథువేనియన్, ఉక్రేనియన్ అమెరికన్ల ఆదాయాల్లో తేడా ఎందుకో తేలింది

పోయిన నెల టర్మ్ పేపర్ కోసం అడిగాను కదా, అమెరికాలో లిథువేనియా మూలాలవాళ్ల మీడియన్ హౌస్‌హోల్డ్ ఇన్‌కమ్ (కుటుంబాలన్నీ ఆదాయం వరుసలో పెడితే సరిగ్గా నడిమి కుటుంబానిది) ఉక్రెయిన్ మూలాలవాళ్ల కన్నా ఎక్కువ కనిపిస్తోంది, రెండు వలసలూ పెన్సిల్వేనియా బొగ్గు గనుల దగ్గర మొదలైనవే కదా మరి ఎందుకిలా అని. చెప్పినవాళ్లందరికీ థ్యాంక్స్.

పనికొచ్చింది "పుట్టిన దేశాన్ని బట్టి విడగొట్టు" అన్న సలహానే. సెన్సస్ రెడీమేడ్ టేబుల్ వదిలేసి ఐపమ్స్‌లో (సర్వే డేటా మనిషి మనిషికీ విడిగా ఇచ్చే సైట్) ఏసీఎస్ (సెన్సస్ వాళ్లు ఏటా చేసే సర్వే) 5 ఏళ్ల డేటా దింపుకుని, యాన్సెస్ట్రీ (మూలాలు) కాలమ్ పక్కన బర్త్‌ప్లేస్ (పుట్టిన చోటు) కాలమ్ పెట్టి చూస్తే గానీ నా బుర్రకెక్కలేదు. లిథువేనియన్లలో ఎక్కువమంది అమెరికాలోనే పుట్టినవాళ్లు, తాతలో ముత్తాతలో 1914 లోపు గనులకీ చికాగో కబేళాలకీ వచ్చారు, ఇంకొందరు రెండో ప్రపంచ యుద్ధంలో ఇల్లూ ఊరూ పోయినవాళ్ల కోసం చేసిన 1948 డిస్‌ప్లేస్డ్ పర్సన్స్ చట్టం కింద వచ్చారు. ఉక్రేనియన్లలో ఆ పాతవాళ్లతో పాటు 1991 తర్వాత వచ్చినవాళ్లు, 2022 యుద్ధంతో మొన్నమొన్న దిగినవాళ్లు కూడా అదే లెక్కలో పడుతున్నారు. కొత్తగా వచ్చి ఇంకా నిలదొక్కుకోనివాళ్ల తక్కువ ఆదాయాలు కలిసేసరికి ఉక్రేనియన్ల మీడియన్ కిందికి జారుతోంది. కందులూ పెసలూ కలిపి ఒకే సోలతో కొలిచాన్నేను.



ఇదే పని చేసేవాళ్లు ఒకటి చూసుకోండి, యాన్సెస్ట్రీ అంటే మనిషి తనంతట తాను రాసుకున్నది, రెండు మూలాలు రాస్తే రెండూ కోడ్ చేస్తారు, మొదటిదే తీసుకుంటే కొందరు జారిపోతారు. పాత గలీషియా (ఇప్పటి పశ్చిమ ఉక్రెయిన్, పోలండ్ వైపు ప్రాంతం) కుటుంబాలవాళ్లు రూథేనియన్ (అక్కడి స్లావ్‌లకు ఒకప్పటి పేరు) అనో ఇంకేదో రాసుకుంటే ఉక్రేనియన్ లెక్కలోకి రారు.

పేపర్లో ఇక ఒక్కో గ్రూపు మొత్తానికీ ఒకే మీడియన్ అంకె పెట్టట్లేదు, ఇక్కడ పుట్టినవాళ్లకో టేబుల్, బయట పుట్టినవాళ్లకో టేబుల్.