రాజమండ్రిలో పెద్దవాళ్లతో దిగడానికి మంచి చోటు చెప్పండి

భీమవరం నుంచి:
నాన్నగారి అస్థికలు పుష్కర ఘాట్‌లోనే కలపాలని ఆయన కోరిక. నాన్న బేరాల మీద రాజమండ్రి వెళ్లినప్పుడల్లా దిగే పాత లాడ్జి రేవుకి దగ్గరే. అందుకని అక్కడికే ఫోన్ చేసి, అమ్మకి మోకాళ్ల నొప్పులు, కింది గదే కావాలని చెప్పి అడ్వాన్సు పంపాను. "ఆయ్, రాసుకున్నానండి" అన్నారు. తీరా వెళ్తే మూడో అంతస్తు ఇచ్చారు. లిఫ్టు లేదు. కింది గదులన్నీ పెళ్లివారికి ఇచ్చేశారట. రెండో అంతస్తు మలుపులో అమ్మ ఇక ఎక్కలేక మెట్టు మీదే కూర్చుండిపోయింది.

పాత లాడ్జిలో ఏసీ ఉంటుందని నేను అనుకోలేదు. శుభ్రం ఉంటే చాలనుకున్నా. దిండు మీద తలనూనె మరక కనబడి గలేబు మార్చమంటే, కుర్రాడు దాన్నే తిరగేసి తొడిగాడు. తెల్లవారుజామున ఐదింటికి వేణ్ణీళ్లు అడిగితే ఆరున్నర దాకా రావన్నారు. నాన్న అంతగా మెచ్చుకున్న చోటు అలా అయిపోయిందని చాలా బాధేసింది.

గోడ మీద '24 గంటల చెకౌట్' అని బోర్డుంది. రాత్రి 8కి దిగి మర్నాడు సాయంత్రం 6కి ఖాళీ చేస్తే రెండు రోజుల అద్దె కట్టించుకున్నారు. అది తిరిగి వస్తుందా? సంవత్సరీకానికి మళ్లీ రావాలి, ఎక్కడ దిగాలి?

రాజమండ్రి నుంచి:
పెద్దావిడని అన్ని మెట్లెక్కించారంటే కడుపు తరుక్కుపోయిందండి. రశీదు మీద దిగిన టైము ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఫిర్యాదు రాసుకుని లాడ్జికి పంపిస్తారు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. ఆ బోర్డు ఫొటో ఉంటే ఇంకా మంచిది.

ధవళేశ్వరం నుంచి:
ఈసారి గది కళ్లారా చూశాకే రిజిస్టర్లో సంతకం పెట్టండి. గోదావరి స్టేషన్‌లో ఆగే బండి చూసుకోండి, పుష్కర ఘాట్ అక్కడికి దగ్గర. చాలా ఎక్స్‌ప్రెస్‌లు మెయిన్ స్టేషన్‌లోనే ఆగుతాయి. తిథి 2027 పుష్కరాల దగ్గర పడితే మాత్రం గది చాలా ముందే మాట్లాడుకోవాలండి. అప్పుడు ఊళ్లో కాలు పెట్టే చోటుండదు.

భీమవరం నుంచి:
రశీదు ఉందండి, దిగిన టైము రాత్రి 8 అనే రాశారు. రేపే 1915కి చేస్తాను. అద్దెతో పాటు కింది గది మాటా చెప్తాను. అమ్మ సత్రమే మేలంటోంది. రేవు దగ్గర కింది గదులున్న సత్రం ఎవరికైనా తెలిస్తే చెప్పండి.