అప్‌డేట్: ప్లైవుడ్ పడవకు మోటారు బిగించాను

తెడ్లతో నడిపే నా 14 అడుగుల ప్లైవుడ్ పడవ 5 హెచ్‌పీ మోటారును తట్టుకుంటుందా అని అడిగాను కదా. తట్టుకుంది. మీరన్నట్టే మోటారు తగిలించే వెనక పలకే అసలు సమస్య. పాత 12 మి.మీ. పలక తీసేసి, 18 మి.మీ. మెరైన్ ప్లై (నీటికి తట్టుకునే ప్లైవుడ్) రెండు వరసలు ఎపాక్సీ జిగురుతో అతికించాను. మోటారు తోసే బలం పలక ఒక్కదాని మీదే పడకుండా లోపల అడుగు దూలాలకు టేకు దన్నులు కొట్టించాను. మోటారు షాఫ్ట్ (ప్రొపెల్లర్ దాకా కిందికి దిగే కాడ) పొట్టిది, అందుకే పలక ఎత్తు 15 అంగుళాలు.

నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌లో మొదటిరోజు ఒక్కణ్నే వెనక కూర్చుని వేగం పెంచితే ముక్కు ఆకాశంలోకి లేచింది! ముందేం కనపడలేదు, ఒకటే టెన్షన్. ఒడ్డున బావమరిది మాత్రం పడిపడి నవ్వాడు. పెట్రోలు డబ్బా, ఐసు పెట్టె ముందుకు జరిపి, మోటారు తిప్పే హ్యాండిల్ అందేలా దానికి పీవీసీ పైపు తొడిగి మధ్య బల్ల మీద కూర్చున్నాక దారికొచ్చింది.

మలుపుల్లో ప్రొపెల్లర్ ఇంకా నీటి పైనుంచి గాలి పీల్చి పట్టు తప్పుతోంది. ఈ ఆదివారం మోటారును అర అంగుళం కిందికి దించి చూస్తాను.