పాపకు ముందు టెలిస్కోపా, బైనాక్యులర్సా? తిరుపతి మిద్దె మీద నుంచి అడుగుతున్నాను

కపిలతీర్థం రోడ్డు నాన్న:

అందరికీ నమస్కారం. మా పాప ఎనిమిదో తరగతి. పోయిన ఏడాది, 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణాన్ని మిద్దె మీద కూర్చుని చూసినప్పటి నుంచి టెలిస్కోప్ కావాలని ఒకటే పోరు. సంక్రాంతికి వాళ్ల మేనమామ వచ్చి ఫోన్‌లో ఒకటి చూపించాడు. 114 ఎంఎం అద్దం, 900 ఎంఎం ఫోకల్ లెంగ్త్, ఒక పక్కకి వాలిన స్టాండు, దానికి వేలాడే బరువు, డబ్బా మీద '675 రెట్లు' అని పెద్ద అక్షరాలు. మా ఆఫీసులో ఒకాయన మాత్రం ఇప్పుడే టెలిస్కోప్ వద్దు, బైనాక్యులర్స్ కొని ఒక ఏడాది ఆకాశం నేర్చుకోనీ అంటున్నాడు. ఆ మాట చెప్పేసరికి పాప మొహం ముడుచుకుంది. నా దగ్గర పదిహేను వేలున్నాయి. మళ్లీ మళ్లీ కొనలేను. ఇంటికి ఉత్తరాన కొండ, దక్షిణాన ఊరి లైట్లు. ఏం చేయమంటారు?

పాకాల లెక్కల మాస్టారు:

మీ ఆఫీసాయన మాటే నా మాట. 10×50 బైనాక్యులర్స్ కొనండి, అంటే పది రెట్లు, 50 ఎంఎం లెన్సులు.

ముందు ఆ 675 సంగతి చెబుతాను. ఫోకల్ లెంగ్త్ 900ని 4 ఎంఎం ఐపీస్‌తో, అంటే కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్‌తో, భాగిస్తే 225 రెట్లు. డబ్బాలో ఇచ్చే మూడు రెట్ల బార్లో లెన్స్ తగిలిస్తే 675. లెక్కలో తప్పు లేదు. కానీ అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతలు దాటితే బొమ్మ పెద్దదవుతుందే గానీ కొత్తగా ఏమీ కనిపించదు, పలచబడి అలుక్కుపోతుంది. 114కి 228 రెట్లు హద్దు. అది కూడా గాలి నిలకడగా ఉన్న రాత్రే.

ఆ వాలిన స్టాండును ఈక్వటోరియల్ మౌంట్ అంటారు. దాని ఇరుసు ధ్రువనక్షత్రం వైపు చూడాలి. ధ్రువుడి ఎత్తు మన అక్షాంశమెంతో అంతే, తిరుపతిలో 13.6 డిగ్రీలు. మీ ఇంటి నుంచి చూస్తే అంత ఎత్తు వరకూ కొండే ఉంటుంది. మా బడికి ఇలాంటిదే ఒకటి వచ్చింది. ఇరుసును అంత కిందికి వంచితే బరువు కడ్డీ స్టాండు కాలికి తగిలేది. నట్టు బిగిస్తే ట్యూబు కదిలేది కాదు, వదులు చేస్తే జారిపోయేది. నలభైమంది పిల్లలు వరుసలో నిలబడి ఉండగా నేను గురుడి కోసం అరగంట వెతికాను. సగానికి పైగా చూడకుండానే ఇళ్లకు పోయారు. ఆ రోజు నాకు పడిన బాధ ఇప్పటికీ పోలేదు.

మరుసటి వారం బైనాక్యులర్స్ తెచ్చి, పిట్టగోడ మీద దిండు వేసి, మోచేతులు ఆనించి కృత్తికలు చూడమన్నాను. మా ఊరి పెద్దవాళ్లు పిల్లలకోడి అంటారు. వట్టి కంటికి ఆరు చుక్కలు. ఒక పిల్లవాడు బైనాక్యులర్స్ దించి పైకి చూశాడు, మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ దించాడు. అన్ని చుక్కలున్నది అదే చోటని వాడికి నమ్మకం కుదరలేదు.

ఇంకో మాట. మనం ఆకాశం చూడటానికి మంచి చోట పుట్టాం. ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు అబ్జర్వేటరీ కోసం తమిళనాడు జవ్వాది కొండల్లోని కావలూరును ఎంచుకున్నది ఊళ్ల వెలుతురుకు దూరమని మాత్రమే కాదు. 12.5 డిగ్రీల అక్షాంశంలో ఉంటే ఉత్తరాకాశం, దక్షిణాకాశం రెండూ అందుతాయని. 1986 నుంచి అక్కడ 2.34 మీటర్ల అద్దం పనిచేస్తోంది. మనకూ అదే ఆకాశం. ఈ జనవరిలో రాత్రి పదిన్నర ప్రాంతంలో దక్షిణాన అగస్త్య నక్షత్రం దాదాపు 24 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఢిల్లీలో అది తొమ్మిది డిగ్రీలు కూడా లేవదు. ఏప్రిల్, మే రాత్రుల్లో ఒమేగా సెంటారీ నక్షత్రాల గుంపు పైకొస్తుంది. ఊరు దాటి వెళ్తే బైనాక్యులర్స్‌లో దూదిపింజలా కనిపిస్తుంది. దిక్కులు తెలియని పాప చేతికి టెలిస్కోప్ ఇస్తే ఇవన్నీ ఎక్కడున్నాయో వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

స్వాతి చుక్క, చిత్తూరు:

మాస్టారూ, ఆ స్టాండు విషయంలో మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. బైనాక్యులర్స్ విషయంలో మాత్రం ఒప్పుకోను.

మా వాడికి 2021లో బైనాక్యులర్సే కొన్నాం. శనిగ్రహం చూపించమన్నాడు. పది రెట్లలో శని కాస్త సాగిన చుక్క, అంతే. చేతుల వణుకుకి అది కూడా నిలవలేదు. నెల తిరక్కుండా బైనాక్యులర్స్ బీరువా పైకెక్కాయి. మరుసటి ఏడాది దీపావళి తర్వాత 70 ఎంఎం రిఫ్రాక్టర్, అంటే అద్దం బదులు ముందు లెన్స్ ఉండే టెలిస్కోప్, తెప్పించాం. ఫోకల్ లెంగ్త్ 700, పైకీ కిందికీ పక్కలకీ తిరిగే మామూలు స్టాండు. ముసురు తెరిపిచ్చిన మొదటి రాత్రి 25 ఎంఎం ఐపీస్ పెట్టాను. అంటే 28 రెట్లే. ఆ 28 రెట్లకే వలయం విడిగా కనిపించింది. వాడు నోరు మెదపకుండా కిందికి పరుగెత్తి, మోకాళ్ల నొప్పులున్న నానమ్మను చేయి పట్టుకుని మెట్లెక్కించాడు. మా అత్తగారు శనివారం ఒంటిపూట ఉండే మనిషి. ఒకసారి చూసి, పక్కకొచ్చి చెప్పులు విప్పి, మళ్లీ వెళ్లి చూసింది. ఆ రాత్రి తర్వాత మా వాడికి ఆకాశం నేర్చుకోమని నేను చెప్పాల్సిన పని పడలేదు. ముందు ఆకాశం నేర్చుకో, తర్వాత టెలిస్కోప్ అనడం ఈత వచ్చాకే నీళ్లలో దిగమన్నట్టుంది.

పాకాల లెక్కల మాస్టారు:

అమ్మా, మీరు చూసిన ఏడాది వలయాలు బాగా వాలి ఉన్నాయి. 2025 మార్చిలో మనకు వాటి అంచు మాత్రమే కనిపించేలా తిరిగాయి. ఈ 2026 జనవరిలో కూడా సన్నని గీత లాగే ఉన్నాయి. పుస్తకంలోని బొమ్మ మనసులో పెట్టుకుని పాప ఈ నెల శనిని చూస్తే దిగులు పడుతుంది. మళ్లీ ఆ అందం రావడానికి ఒకటి రెండేళ్లు పడుతుంది.

స్వాతి చుక్క, చిత్తూరు:

శని కాకపోతే గురుడు. మొన్న 10వ తేదీనే ఆకాశంలో సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కుకి వచ్చాడు. పొద్దుగూకేసరికి తూర్పున పునర్వసు పక్కన వెలుగుతున్నాడు. 70 రెట్లలో ఒంటి మీద పట్టీలు కనిపిస్తాయి. మీ బైనాక్యులర్స్‌లో కనిపిస్తాయా సార్?

పాకాల లెక్కల మాస్టారు:

కనిపించవు. కదలకుండా ఆనిస్తే నాలుగు చందమామలు కనిపిస్తాయి, 1610లో గెలీలియో చూసినవే. రోజూ అవి చోటు మారడం పాప నోట్‌బుక్‌లో గీసుకుంటే నాకది చాలు. చంద్రుడి మీద గుంటలు కూడా కనిపిస్తాయి.

మదనపల్లె అద్దాల పని:

మీరిద్దరూ వదిలేసిన దారి ఒకటుంది, డాబ్సోనియన్. 114 లేదా 130 ఎంఎం అద్దం, కింద తిరిగే చెక్క పీట. ధ్రువుడితో పని లేదు, బరువు కడ్డీ లేదు. 130 ఎంఎం అద్దం 70 కంటే దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువ వెలుతురు పోగుచేస్తుంది. గురుడి పట్టీలూ, మృగశిర కింద వేటగాడి (ఓరియన్) కత్తిలోని నెబ్యులా, అంటే మబ్బులాంటి వాయువు, దాంట్లో ఇంకా బాగా కనిపిస్తాయి.

దీన్ని చేసిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత ఆశ్రమంలో సన్యాసి. చేతిలో డబ్బు లేక ఓడ కిటికీల గాజు దిమ్మెలను అరగదీసి అద్దాలు చేశాడు. వాటిని వీధి మొగలో పెట్టి దారిన పోయేవాళ్లను పిలిచి చంద్రుణ్ణి చూపించాడు. పేదవాడి చేతికి పెద్ద అద్దం అందాలన్నదే ఆయన పట్టుదల. పాప పట్టుకోవాల్సింది అలాంటిదే అని నా నమ్మకం.

స్వాతి చుక్క, చిత్తూరు:

అన్నా, 130 అయితే పదిహేను వేలు దాటిపోతుందేమో చూడండి. పైగా అద్దాలు వరుస తప్పితే కొలిమేషన్ అని స్క్రూలు తిప్పాలి. మొదటి నెలలోనే ఆ టెన్షన్ దేనికి? చిన్న డాబ్సోనియన్‌ని బల్ల మీద పెట్టాలి, బల్ల ఊగితే గురుడూ ఊగుతాడు.

మదనపల్లె అద్దాల పని:

ధర విషయం నిజమే, 114 అయితే బడ్జెట్‌కి దగ్గరలో ఉండొచ్చు. కొలిమేషన్ రెండుసార్లు చేస్తే చేయి తిరుగుతుంది. బల్లెందుకమ్మా, మిద్దె మీద నీళ్ల ట్యాంకు కట్టిన సిమెంటు దిమ్మె ఉండదా? దాని అంచున ఖాళీ ఉంటే అంతకంటే గట్టి పీట లేదు.

ఎవరు ఏది కొన్నా ఒక్కటి వినండి. ఆదివారం రథసప్తమి. సూర్యుణ్ణి చూద్దామని ఏ పిల్లా టెలిస్కోప్ అటు తిప్పకుండా చూసుకోండి. కొన్ని డబ్బాల్లో ఐపీస్‌కు బిగించే చిన్న నల్ల సన్ ఫిల్టర్ వస్తుంది. వేడికి అది పగిలితే కన్ను పోతుంది. దాన్ని ఈ రోజే చెత్తలో పడేయండి. సూర్యుడి కోసమైతే ట్యూబు ముందు మొత్తం కప్పే ఫిల్టర్ ఒక్కటే ఉండాలి.

కపిలతీర్థం రోడ్డు నాన్న:

మీ మాటలన్నీ పాపకు చదివి వినిపించాను. మేనమామ చూపించిన స్టాండు వద్దని ఇద్దరం ఒక మాట మీదికి వచ్చాం. దిమ్మె కూడా కొలిచాను, అంచున రెండడుగులు ఖాళీ ఉంది. మిగిలింది మాత్రం తేలలేదు. పాప ఒకటే అడుగుతోంది, కొనకముందు అన్నిట్లోంచి ఒకసారి చూడొచ్చా అని.

రథసప్తమికి తిరుపతి రోడ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు, ఆ రోజు కదల్లేం. సోమవారం 26, రిపబ్లిక్ డే సెలవు. క్యాలెండర్ చూస్తే అష్టమి. మాస్టారూ, పాకాల రమ్మంటే రైలెక్కి వస్తాం. స్వాతిగారూ, మీ 70 ఎంఎం తేగలరా?

స్వాతి చుక్క, చిత్తూరు:

తప్పకుండా తెస్తాను. సగం చంద్రుడు కాబట్టి వెలుగూ నీడా కలిసే గీత దగ్గర గుంటలు లోతుగా కనిపిస్తాయి, పౌర్ణమి నాడు అంత బాగుండవు. మా అత్తయ్య కూడా వస్తానంటోంది.

పాకాల లెక్కల మాస్టారు:

అందరూ రండి. ఆరున్నరకల్లా మిద్దె మీద ఉంటే శని పడమర దిగకముందే అందుతాడు, గీతలాగే అయినా చూడనీ. బైనాక్యులర్స్ పిట్టగోడ మీద పెడతాను, టెలిస్కోప్ పక్కనే పెట్టుకోండి. నా మాట నేను మార్చుకోలేదు, కానీ పాప రెండిట్లోంచీ చూశాక ఏమంటుందో వినాలని నాకూ ఉంది. మా మిద్దె మెట్లకు పక్కగోడ లేదు, పెద్దామెనూ పాపనూ చేయి పట్టుకుని ఎక్కించండి. దుప్పట్లు తెచ్చుకోండి, తొమ్మిది దాటితే మంచు పడుతుంది.