‘ఎ జపనీస్’ అనకూడదా?

ప్రశ్న: ఒక అనువాదంలో ‘ఐ మెట్ ఎ జపనీస్ ఎట్ ద స్టేషన్’ అని రాశాను. దిద్దినవాళ్ళు ‘ఎ జపనీస్ మ్యాన్’ అని మార్చారు. డిక్షనరీలో జపనీస్ నామవాచకం కూడా కదండీ? ‘యాన్ ఇండియన్’ అంటే చాలు, దీనికి మాత్రం ఈ తోక దేనికి?

జవాబు: వ్యాకరణం ప్రకారం మీది తప్పు కాదండీ. పాత పుస్తకాల్లో ‘ఎ జపనీస్’ మామూలుగానే కనిపిస్తుంది. ఇవాళ మాత్రం ఇంగ్లిషు మాతృభాషగా ఉన్న చాలామందికి అది ఎబ్బెట్టుగా వినిపిస్తుంది, కొందరికి మర్యాద తక్కువగా కూడా. దిద్దినవాళ్ళు చేసింది సబబే.

చిక్కంతా చివరి ముక్కలో ఉంది. లాటిన్‌లో ‘ఫలానా చోటికి చెందిన’ అనే అర్థంలో ‘ఎన్సిస్’ అని ఒక ప్రత్యయం ఉండేది. జపనీస్, చైనీస్, పోర్చుగీస్, వియత్నమీస్... వీటి చివర ఉన్నది దాని వారసుడే. ఇండియన్‌కి ‘ఎస్’ చేరిస్తే ఇండియన్స్ అవుతుంది. జపనీస్‌కి ఏమీ చేరదు, ఒక్కరైనా కోటిమందైనా అదే మాట. ఒకప్పుడు చేర్చేవారు కూడా: 1667లో అచ్చయిన ‘పారడైజ్ లాస్ట్’లో మిల్టన్ ‘చైనీజెస్’ అనే రాశాడు. తర్వాత అది వాడుకలోంచి పోయింది. మాట చివరి శబ్దం బహువచనంలా వినబడేసరికి కొందరు దాన్ని కత్తిరించి ‘చైనీ’, ‘పోర్చుగీ’ అని ఏకవచనాలు పుట్టించారు. వాటికి వెటకారం అంటుకుంది. ఇప్పుడు మర్యాదస్తులెవరూ వాడరు.

కత్తిరింపుల్లో అన్నిటికన్నా చెడ్డది ‘జాప్’. పొట్టిపేరే కదా అని సరదాగా కూడా వాడకండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో అది ద్వేషపు మాటగా స్థిరపడింది. జపాన్ మూలాలున్న సుమారు 1,20,000 మందిని అప్పట్లో నిర్బంధ శిబిరాల్లో పెట్టారు, వాళ్ళలో ఎక్కువమంది అమెరికా పౌరులే. 1988లో ప్రభుత్వం చట్టం చేసి మరీ క్షమాపణ చెప్పింది. ఆ చరిత్ర తెలిసినవాళ్ళ ముందు ఆ మాట అనలేం.

‘ద’ సంగతి కూడా చెప్పాలి. ‘ద జపనీస్ ఆర్...’ అంటే జపాన్ ప్రజలు. ‘జపనీస్ ఈజ్...’ అంటే భాష, దానికి ‘ద’ అక్కర్లేదు. అయితే అనువాద పుస్తకాల మీద ‘ట్రాన్స్‌లేటెడ్ ఫ్రమ్ ద జపనీస్’ అని ఉంటుంది. అక్కడ భాషే, అయినా ‘ద’ ఉంది! అది పాత అలవాటు, అచ్చుతప్పు అనుకోకండి.

ఇంకొకరు: మరి ‘జపనీస్ టీచర్’ అంటే జపాన్ నుంచి వచ్చిన టీచరా, జపాన్ భాష చెప్పే టీచరా?

జవాబు: రాతలో రెండూ ఒకటే. మాట్లాడేటప్పుడు ‘జపనీస్’ని ఒత్తి పలికితే భాష చెప్పే టీచరు, ‘టీచర్’ని కూడా ఒత్తితే ఆ దేశం మనిషి. మనం రెంటినీ ఒకేలా పలుకుతాం కాబట్టి ‘టీచర్ ఆఫ్ జపనీస్’ అనడం క్షేమం. ఈ తికమక జపాన్ వాళ్ళకు లేదు: మనుషులకు ‘నిహోంజిన్’, భాషకు ‘నిహోంగో’. మనకీ లేదనుకోండి. జపాన్ ఆయన, జపాన్ ఆవిడ, జపాన్ వాళ్ళు, జపాన్ భాష అంటాం, లింగమూ వచనమూ రెండూ తేలిపోతాయి. ‘జపనీయుడు’ పత్రికల్లో బాగుంటుంది గానీ ఇంట్లో ఎవరంటారు?

ఉచ్చారణ మాట కూడా: చివర మనం ‘స్’ అంటాం, ఇంగ్లిషు వాళ్ళు ‘జ్’ అంటారు, జాపనీజ్. తెలుగులో రాసేటప్పుడు జపనీస్ అనే ఉంచండి, అలవాటైపోయింది.

మరొకరు: చిన్న అక్షరంతో ‘జపాన్’ అని ఒక పాత ఇంగ్లిషు పుస్తకంలో చూశాను. అది అచ్చుతప్పేనా?

జవాబు: కాదండీ. అది నల్లగా నిగనిగలాడే ఒక రకం వార్నిషు. జపాన్ లక్క పనితనాన్ని చూసి యూరపువాళ్ళు దానికి ఆ దేశం పేరే పెట్టారు. పింగాణీని ‘చైనా’ అన్నట్టే.