బూస్ట్ క్రీప్: పాకడమా, ఎగబాకడమా?

టర్బో కార్ల గురించి తెలుగులో రాస్తూ రెండు మాటల దగ్గర ఆగిపోయాను. ఒకటి బ్యాక్ ప్రెజర్, రెండోది బూస్ట్ క్రీప్. టర్బో (పొగ జోరుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి కుక్కే యంత్రం), బూస్ట్ (అలా కుక్కిన గాలి ఒత్తిడి), సైలెన్సర్ లాంటివి అలాగే ఉంచడానికి నాకేమీ అభ్యంతరం లేదు, అందరి నోటా నలిగిన మాటలే. కానీ ఈ రెండూ వస్తువుల పేర్లు కావు, ఇంజిన్‌లో జరిగే సంగతుల పేర్లు. వాటికి తప్పు పేరు పెట్టుకుంటే రిపేరు కూడా తప్పుదారి పడుతుంది. నాకు అదే జరిగింది.

ముందు బ్యాక్ ప్రెజర్. దీన్ని "వెనుక పీడనం" అని రాయడం చూశాను. చదవగానే వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టు అనిపిస్తుంది. జరిగేది అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఇంజిన్ నుంచి బయటికి పోయే పొగకు సన్నటి పైపు, దాని వంపులు, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్, సైలెన్సర్ అన్నీ అడ్డు తగులుతాయి. పోయేదానికి ఎదురు నిలిచే ఒత్తిడి అది. ఎదురుగాలి, ఎదురీత, ఎదురుదెబ్బ అని మనకు వాడుకలో ఉండనే ఉన్నాయి. అందుకే "ఎదురొత్తిడి" అంటాను. పాఠ్యపుస్తకాల్లో పీడనం అని ఉంటుంది నిజమే, కానీ "ఎదురు పీడనం" నోటికి బరువు.

ఇక రెండోది. నా కారులో పాత ఎగ్జాస్ట్ (పొగ గొట్టం) ఉన్నంతకాలం బూస్ట్ మీటరు ముల్లు 0.8 బార్ దగ్గర నిలకడగా ఉండేది. (మీటరు చూపేది బయటి గాలి ఒత్తిడికి పైన ఎంత అన్నది మాత్రమే. బయటిది సుమారు 1 బార్ కాబట్టి లోపల అసలు ఒత్తిడి 1.8.) టర్బో దగ్గరి డౌన్‌పైప్ నుంచి చివరిదాకా లావు పైపు వేయించాను. మూడో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే 3,000 ఆర్‌పీఎం దగ్గర ముల్లు 0.8కి వచ్చింది, ఒక్క క్షణం నిలబడింది, మెల్లగా 0.9 దాటింది. 5,000 దాటేసరికి 1.1. వెంటనే కాలు తీసేశాను.

దీన్నే బూస్ట్ క్రీప్ అంటారని తెలుసు. క్రీప్ అంటే పాకడం అని మనసులో పడిపోయింది. పాకడం అనగానే ఏదో సన్నటి సందులోంచి కొంచెం కొంచెంగా జారుకోవడమే గుర్తొచ్చింది. ఎక్కడో గాలి లీకవుతోందనుకొని రెండు ఆదివారాలు రబ్బరు గొట్టాలన్నీ విప్పి చూశాను. బూస్ట్ ఎంతదాకా పెరగాలో సర్దే బూస్ట్ కంట్రోలర్ మరను చివరిదాకా తగ్గించాను. ముల్లు మళ్ళీ అక్కడికే ఎక్కింది.

చివరికి మెకానిక్ డౌన్‌పైప్ విప్పి, యాక్చుయేటర్‌కి (గాలి ఒత్తిడితో వేస్ట్‌గేట్ మూతను తెరిచే పరికరానికి) గాలి పెట్టి వేస్ట్‌గేట్ చూపించాడు. బొటనవేలు పట్టేంత రంధ్రం, దాని మీద చిన్న మూత. "తలుపు బార్లా తెరుచుకుంటోందండీ, దారే చాలట్లేదు" అన్నాడు. నాకు కావలసిన తెలుగు ఆ ఒక్క వాక్యంలో దొరికింది.

పొగ టర్బైన్ చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీద ఉన్న రెండో చక్రం గాలిని ఇంజిన్‌లోకి కుక్కుతుంది. గాలి చాలినంత అయ్యాక, మిగిలిన పొగ చక్రం జోలికి పోకుండా పక్కదారిన పోవడానికి పెట్టిందే వేస్ట్‌గేట్. సైలెన్సర్ వైపు ఎదురొత్తిడి తగ్గితే టర్బైన్‌కు ముందూ వెనకా ఒత్తిడి తేడా పెరుగుతుంది, చక్రం ఇంకా జోరుగా తిరుగుతుంది. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ పొగా పెరుగుతుంది. పక్కదారి పూర్తిగా తెరిచినా చాలదు. కంట్రోలర్ చేయగలిగింది ఆ తలుపు తెరవడమొక్కటే. తెరిచే ఉన్నదాన్ని ఇంకేం తెరుస్తుంది?

ఈ వేస్ట్‌గేట్‌ని "వ్యర్థ ద్వారం" అంటే అర్థం చెడుతుంది. చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు కట్ట తెగకుండా పోయే చోటుకి మనకు అలుగు అనే మాట ఉంది. కొందరు మత్తడి అంటారు, ఇంకొందరు మరువ, కలుజు. ఆశ్చర్యం ఏమిటంటే అలుగుకి సాగునీటి ఇంజినీర్లు వాడిన ఇంగ్లీషు పేర్లలో "వేస్ట్ వియర్" ఒకటి. ఆ వేస్టూ ఈ వేస్టూ ఒకటే: పనికిరానిది కాదు, మిగులు. వరద పెద్దదై అలుగు చిన్నదైతే చెరువులో నీరు ఎగబాకుతుంది. నా మీటరులో ముల్లు చేసిందీ అదే.

కాబట్టి నా ప్రతిపాదన: బూస్ట్ క్రీప్‌ని "బూస్ట్ ఎగబాకడం" అందాం. ధరలు ఎగబాకుతాయి, తీగ ఎగబాకుతుంది. నెమ్మదిగా, ఆగకుండా, పైకి. ఆ మూడూ ఈ క్రియలో ఉన్నాయి. పాకడంలో పైకి అన్నది లేదు.

వ్యాఖ్య: "పీడన ప్రసర్పణం" అంటే శాస్త్రీయంగా ఉంటుంది కదండీ?

జవాబు: ప్రసర్పణంలో కూడా పాకి వ్యాపించడమే ఉందండీ, ఎక్కడం లేదు. పైగా స్టీరింగ్ పట్టుకున్నవాడు ముల్లు చూసి "ఎగబాకుతోంది" అని అరవగలడు.

వ్యాఖ్య: మరి స్పైక్‌ని ఏమంటారు? మా తమ్ముడు రెండూ ఒకటే అంటున్నాడు.

జవాబు: ఒకటి కావండీ, ఈ తేడా చాలా ముఖ్యం. స్పైక్‌లో ముల్లు ఒక్కసారి గీత దాటి ఎగిరి, మళ్ళీ దిగి కుదురుకుంటుంది. దాన్ని "ఎగదన్నడం" అంటాను. తలుపు ఆలస్యంగా తెరుచుకుంటే అలా అవుతుంది, చాలాసార్లు కంట్రోలర్ సర్దితే పోతుంది. ఎగబాకడం మాత్రం ఆర్‌పీఎంతో పాటు పెరుగుతూనే ఉంటుంది, చలి రోజుల్లో ఇంకా ఎక్కువ. తేల్చుకోవాలంటే కంట్రోలర్‌ని తప్పించి, టర్బో గాలిగొట్టాన్ని నేరుగా యాక్చుయేటర్‌కి కలిపి జాగ్రత్తగా చూడాలి. అప్పుడూ పెరుగుతూ పోతే దారి చాలట్లేదని దాదాపు ఖాయం.

వ్యాఖ్య: అలుగు అంటే అలగడం కూడా, ఒళ్ళంతా పొలుసులున్న జంతువు కూడా. గందరగోళం కాదా? పైగా అలుగుకి తలుపు ఉండదు, తూముకి ఉంటుంది.

జవాబు: తలుపు మాట నిజమే. కానీ తూము కావలసిన నీటిని తీసుకోవడానికి, అలుగు వద్దన్న నీటిని వదలడానికి. నేను పని చూసి పేరు పెడుతున్నాను. అవసరమైతే "అలుగు తలుపు" అనవచ్చు. ఇక మూడు అర్థాలంటారా, వాక్యంలో పెడితే ఏది ఏదో ఎవరికైనా తెలిసిపోతుంది.

వ్యాఖ్య: పైపుని మళ్ళీ సన్నం చేస్తే సరిపోదా?

జవాబు: తగ్గుతుందండీ, ఎగ్జాస్ట్‌లో అడ్డు బిళ్ళ పెట్టి ఎదురొత్తిడి పెంచేవాళ్ళున్నారు. కానీ లావు పైపు వేయించింది ఎందుకు మరి? నేను వేస్ట్‌గేట్ రంధ్రాన్ని వెడల్పు చేయించి, పొగ వచ్చే వైపు అంచు నునుపు చేయించి, పెద్ద మూత పెట్టించాను. అదీ చాలకపోతే విడిగా పెద్ద వేస్ట్‌గేట్ బిగించాలి. అంతవరకు పూర్తిగా తొక్కకండి. లెక్కకు మించిన గాలికి సరిపడా పెట్రోలు అందకపోతే నాకింగ్ (పెట్రోలు వేళ కాని వేళ మండిపోవడం) మొదలవుతుంది, డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు చప్పుడు. కొన్ని కార్లలో కంప్యూటరే పెట్రోలు ఆపేస్తుంది, కొన్నింటిలో పిస్టన్ పోయాకే తెలుస్తుంది. నా ముల్లు ఇప్పుడు 6,000 దాకా 0.8 దగ్గరే ఉంటోంది.