పంజ్‌దే గొడవప్పుడు వైస్రాయ్ రాసిన ప్రైవేట్ లెటర్లు: ఎంతవరకు నమ్మొచ్చు?

తార్నాక కుర్రాడు:
అన్నలూ అక్కలూ, 1885లో అఫ్ఘాన్ సరిహద్దులోని పంజ్‌దే మీద రష్యాకీ బ్రిటన్‌కీ వచ్చిన గొడవ గురించి చదువుతున్నా. వైస్రాయ్ డఫ్రిన్ లండన్‌లో ఇండియా సెక్రటరీ కింబర్లీకి ఓపక్క సర్కారీ డిస్పాచ్‌లు (అధికారిక ఉత్తరాలు), ఇంకోపక్క ప్రైవేట్ లెటర్లు రాసేవాడు కదా, ఒకే మనిషికి రెండు రకాలెందుకు? దేన్ని నమ్మాలి?

కోఠి అన్న:
తమ్ముడూ, డిస్పాచ్ అంటే పదిమంది కళ్లు పడేది, ఇక్కడ వైస్రాయ్ కౌన్సిల్, అక్కడ సెక్రటరీకి సలహాలిచ్చే ఇండియా కౌన్సిల్, పార్లమెంట్‌లో గట్టిగా అడిగితే బ్లూ బుక్ అనే సర్కారీ పుస్తకంలో అచ్చేసేవాళ్లు కూడా. ప్రైవేట్ లెటర్‌కి ఆ బెడద లేదు, అందుకే మనసులో మాట అందులో పడుతుంది. మార్చి 30న పంజ్‌దేలో రష్యా జనరల్ కొమరోవ్ సైన్యం అఫ్ఘాన్ల మీద పడింది, సరిగ్గా ఆ రోజుల్లోనే అఫ్ఘాన్ రాజు అమీర్ అబ్దుర్ రహ్మాన్ డఫ్రిన్‌ని కలవడానికి రావల్పిండి వచ్చాడు, అక్కడేమో బ్రిటన్ ప్రధాని గ్లాడ్‌స్టన్ సైనిక ఖర్చులకి పార్లమెంట్‌ని 1.1 కోట్ల పౌండ్లు అడిగాడు, అలాంటప్పుడు అమీర్ మీద అనుమానం ఉంటే అచ్చులో ఎవరు రాస్తారు చెప్పు?

సికింద్రాబాద్ అక్క:
అన్న చెప్పింది కరెక్టే గానీ ప్రైవేట్ అనగానే అంతా నిజం అనుకోకు బాబూ, పైవాణ్ణి తనవైపు తిప్పుకోడానికి కూడా రాస్తారు. ఇంకోటి, ఉత్తరం ఓడలో వారాలు పట్టేది, ఈలోపు టెలిగ్రాములతో పరిస్థితే మారిపోయేది. కాబట్టి ప్రతి లెటర్ పక్కన ఆ తేదీ టెలిగ్రామ్ పెట్టుకునే చదువు. 1887లో మన నిజాం మహబూబ్ అలీ పాషా సరిహద్దు రక్షణకి 60 లక్షల రూపాయలు ఇస్తానన్నది కూడా ఈ రష్యా భయంలోంచి వచ్చిందే, అదీ చూడు.

తార్నాక కుర్రాడు:
థాంక్స్ అక్కా, ముందు ఏప్రిల్ టెలిగ్రాములు పట్టుకుంటా.