మన నాటక సమాజం ప్రదర్శనల్లో పద్యనాటకానికి ఇంకా చోటు ఉండాలా?

తెనాలి ప్రేక్షకుడు:
మా సమాజం ఏటా సంక్రాంతి నుంచి ఉగాది దాకా నాలుగు ప్రదర్శనలు ఇస్తుంది. అందులో ఒకటి పద్యనాటకం, మిగిలినవి సాంఘికాలు. ఈసారి పద్యనాటకం మానేసి మరో సాంఘికం వేద్దామని కార్యవర్గంలో కొందరు ప్రతిపాదించారు. కిరీటాలకు, డ్రస్సులకు, తెరలకు అద్దె, హార్మోనిస్టుకూ పొరుగూరి నుంచి వచ్చే నటీమణులకూ పారితోషికం కలిపి చూస్తే, ఏడాది ఖర్చులో సగం ఆ ఒక్క రాత్రికే పోతోందని వారి వాదన. మీ అభిప్రాయాలు తెలపండి.

సాంఘికాభిమాని:
మానేయడమే మంచిదని నా నమ్మకం. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు 'కన్యాశుల్కం' ప్రదర్శించినప్పుడు, తమ కాలపు దురాచారాన్ని జనం మాట్లాడుకునే భాషలోనే జనం ముందు నిలబెట్టారు. ఊరి నాటక సమాజానికి అదే అసలు పని. ఒక్కో పద్యానికి ఐదేసి నిమిషాల రాగాలాపన, పైన వన్స్‌మోర్లు అయితే అది సంగీత కచేరీ అవుతుంది కానీ నాటకం కాదు.

హార్మోనియం పక్కవాడు:
సాంఘికాభిమాని గారూ, రాగం గురించి మీరు అన్నది నిజమేనండీ. ఇరవై ఏళ్లుగా వేదిక పక్కన కూర్చుని చూస్తున్నవాణ్ణి కనుక కాదనలేను. అయితే రోగం పద్యంలో లేదు, నాటకాన్ని ముక్కలు చేసి సీన్లుగా ఆడటంలో ఉంది. ఒకే రాత్రి పడకసీనుకు, అంటే నిద్రిస్తున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడూ దుర్యోధనుడూ సాయం కోరి వచ్చే ఘట్టానికి, ఒక కృష్ణుడు, రాయబారానికి మరో కృష్ణుడు వస్తారు. ఎవరి పేరు వారు నిలబెట్టుకోవాలి కనుక, ఎవరి రాగం వారు సాగదీస్తారు. తిరుపతి వేంకటకవులు రాయబారంలో "చెల్లియో చెల్లకో" అన్న పద్యాన్ని కౌరవ సభలో సంధి కోసం చేసే విన్నపంగా రాశారు. ఆ చివరి అక్షరం మీద కృష్ణుడు గాలిలో చేయి చాచి రాగం తీస్తూ ఉంటే, దుర్యోధనుడు మీసం మీద చేయి వేసుకుని ఎప్పుడు కోపం తెచ్చుకోవాలో తెలియక నిలబడి ఉండటం నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. విన్నపం ఆగిపోయిన చోట నాటకమూ ఆగిపోతుంది.

అదే పద్యాన్ని నిమిషంలో, మాట విరుపు చెడకుండా పాడినప్పుడు హాలు నిశ్శబ్దమైపోవడం కూడా చూశాను. పైగా పద్యం తన కాలపు బాధను చెప్పలేదనడం సరికాదు. బలిజేపల్లి వారి హరిశ్చంద్ర కాటిసీనులో నటులు పాడుతూ వచ్చిన "ఇచ్చోటనే" పద్యాలు జాషువా గారివి. రాజూ కవీ ఇల్లాలూ ఒకే మట్టిలో కలిసే చోటును అంటరానితనం అనుభవించిన కవి చూపిస్తుంటే, అది ఏ సాంఘికానికి తీసిపోతుంది?

అందుకని నా సూచన ఇది: సీన్లు వద్దు. ఒకే కృష్ణుడితో, ఒకే దుర్యోధనుడితో మొత్తం నాటకాన్ని కుదించి రెండున్నర గంటల్లో వేయాలి. వన్స్‌మోర్ ఉండదని తెర లేవక ముందే ప్రకటించాలి. పెద్ద సెట్టింగు బదులు ఒక్క నల్లతెర చాలు. అద్దె అక్కడే చాలా తగ్గుతుంది. నటులు తగ్గితే పారితోషికాలూ తగ్గుతాయి.

సాంఘికాభిమాని:
మీరు చెప్పిన పద్ధతిలో వేస్తే ఈ ఒక్క ఏడాదికి నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను. కానీ ఒక షరతు అండీ: బయటి నుంచి పేరున్న కృష్ణుణ్ణి తీసుకురాకూడదు. మన సభ్యుల్లో ఇద్దరు కుర్రవాళ్లకు శ్రుతి పట్టే గొంతు ఉంది. మీరు దసరా నుంచే వారిని కూర్చోబెట్టి నేర్పిస్తారా?

హార్మోనియం పక్కవాడు:
తప్పకుండా నేర్పిస్తాను. ఆదివారం సాయంత్రాలు బడి వరండా ఇప్పించే పూచీ మాత్రం కార్యవర్గానిది.